పడవకు నలుగురు

ఇరవై ఒకటా, ఇరవై మూడా అన్నదాని మీద మూడో తరగతి టీచర్లు ముగ్గురూ రెండు వారాలు కొట్టుకున్నారు. లెక్క ఇంతే: పిల్లలు అంతమంది, పడవకు నలుగురే ఎక్కాలి, అందరికీ ఎన్ని పడవలు కావాలి?

"ఇరవై ఒకటి వద్దమ్మా. మిగిలేది ఒక్కడేగా, ఇరికించేద్దాం అంటారు వెధవలు," అన్నారు మార్చిలో రిటైర్ కాబోతున్న కురమోచి మాస్టారు.

"ఇరవై మూడైతే ముగ్గుర్ని ఒడ్డున వదిలేస్తారు మాస్టారూ," అంది యోషినో.

"వదలనీ! ఐదు పడవలు చాలంటేనే కదా అసలు మజా."

చివరికి ఇరవై మూడే ఖాయమైంది. ఆరు వారాలు తిరిగేసరికి ఏ తప్పు వస్తుందో, వస్తే ఏమనాలో, బోర్డు మీద ఏది ఎక్కడ రాయాలో అన్నీ కాగితం మీదికెక్కాయి. పాఠం చెప్పాల్సింది మాత్రం ముగ్గురిలో చిన్నది చిగుసా. శుక్రవారం అది చూసి చర్చించడానికి పక్క బడుల నుంచి నలభై మంది టీచర్లు వస్తారు. నిరుడు ఇలాగే నిలబడి, ఓ పిల్ల అడిగినదానికి నోరు పెగలక బిక్కచచ్చిపోయింది. ఈసారీ అలాగైతే ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకుంది.

భయం ఎంత పనైనా చేయిస్తుంది. గురువారం తలుపులు మూసి, తన తరగతికి ఆ పాఠం కాస్తా ముందే చెప్పేసింది మహాతల్లి.

శుక్రవారం అంతా సాఫీగా సాగింది. వెనక నిలబడ్డవాళ్లు తలలూపుతూ రాసుకుంటున్నారు. అంతలో కొతోనే అనే పిల్ల లేచింది.

"టీచర్, ఐదు పడవలని ఇవాళ కూడా నేనే చెప్పాలా? నిన్న చెప్పాను కదా. ఆరని నాకు తెలుసు."

రాస్తున్న కలాలు ఆగిపోయాయి.

"వద్దమ్మా. మీకు నిన్ననే చెప్పేశాను. తప్పు నాది," అంది చిగుసా అందరూ వింటుండగానే.

సాయంత్రం చర్చలో మొదట మాట్లాడాల్సింది పాఠం చెప్పినవాళ్లే. చిగుసా లేచి నడుము వంచింది. "ఆరు వారాల కష్టం మట్టిపాలు చేశాను. క్షమించండి."

మాస్టారు వచ్చి ఆమె పక్కన నిలబడి, ఆమెకంటే ఎక్కువగా వంగారు.

"కాగితం మీద పేర్లు మూడున్నాయి. పిల్లలు తప్పు చేస్తే ఏమనాలో రాశాం గానీ, నువ్వు భయపడితే ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాయలేదమ్మా," అన్నారు. తర్వాత కళ్లజోడు సర్దుకున్నారు. "సోమవారం యోషినో తరగతిలో ఇదే పాఠం. చెప్పేది నువ్వే."

చిగుసా ఏడుస్తూనే తలూపింది.