ఇరవై కాదు, ఇరవైయొకటి

ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన ఫిలోమినాకు ఒక అలవాటు ఉంది. ఆసుపత్రి కాగితం ఏది చేతికి వచ్చినా ముందు సంతకం చూస్తుంది, తరువాత తేదీ చూస్తుంది, ఆ తరువాతే విషయం చదువుతుంది. ఆ శనివారం ఉదయం నరసరావుపేట ఆసుపత్రిలో ఆమెకు ఇచ్చిన ఆరోగ్య నివేదికలో సంతకం సరిగ్గానే ఉంది. తేదీ సరిగ్గానే ఉంది. విషయమే తప్పు.

'ఎఫ్ 11.20' అని ఉంది. అంటే ఈ మనిషి నల్లమందు జాతి నొప్పి మాత్రలకు అలవాటు పడి ఉన్నది అని. 'ఉండేది' కాదు, 'ఉన్నది'.

ఎడ్లపాడు దగ్గరి బాలికల హాస్టలు బడిలో సిక్‌రూము ఉద్యోగం సోమవారం నుంచి ఆమెదే, ఈ నివేదిక చూపిస్తే. చూపిస్తే మందుల బీరువా తాళంచెవి ఎవరిస్తారు? ఆ స్థానంలో ఉంటే తానైనా ఇవ్వదు.

అలవాటు పడిన మాట నిజం. అయిదేళ్ల కిందట చిలకలూరిపేట రోడ్డు మీద ఆటో బోల్తాపడి ఆమె నడుము దెబ్బతిన్నది. రోజుకు రెండు మాత్రలతో మొదలై ఎనిమిదికి చేరింది. మోతాదుల లెక్క తెలిసిన మనిషి కనుక తనకు తాను అబద్ధం చెప్పుకోలేక, తానే నడిచి వెళ్లి ఆసుపత్రిలో చేరింది. మానింది. మాని నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ నెలనెలా వచ్చి చూపించుకుంటూనే ఉంది. ఎవరికీ చెప్పకుండా కొనుక్కుని మింగుతున్నవాళ్ల కాగితాలు కడిగిన ముత్యాల్లా ఉంటాయి, నోరు తెరిచి చెప్పి మానినవాళ్ల కాగితాలకే మచ్చ. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, తెలివి మాత్రం ఖర్చు పెట్టలేదు.

ఆమె తిన్నగా రికార్డుల గదికి వెళ్లింది. జబ్బుల పేర్లను అంకెల్లోకి మార్చే ఉద్యోగం నిరోషది. ఇద్దరిదీ ఒకే చర్చి.

"ఏమే నిరోషా, ఏందిది?"

"మీ కోడు, సిస్టరమ్మా."

"నేను మానేసి నాలుగేళ్లు. నీకు తెలవదా?"

"నాకు తెలుసు. మా అమ్మకి తెలుసు. చర్చిలో వెనక బెంచీ వాళ్లక్కూడా తెలుసు. కంప్యూటరుకే తెలవదు."

"అయితే చెప్పు దానికి."

"నేను చెప్తే కుదరదమ్మా. మీకేసింది ఇరవై, మానేసినోళ్లకి ఇరవైయొకటి. కానీ డాక్టరుగారు 'రెమిషన్', అంటే జబ్బు అణిగిపోయింది అని రాస్తేనే ఇరవైయొకటి ఎయ్యాలి. మన సాఫ్ట్‌వేరుది అమెరికా జాబితా. గుంటూరులో ఆ దేశం కేసులకే మూడేళ్లు కోడింగు చేశా. మొదటి రోజే నేర్పిచ్చారు."

"ఏం నేర్పిచ్చారు?"

"రాయంది జరగనట్టే అని."

సూది వేశానమ్మా, రాయడం మరిచిపోయాను అన్న ప్రతి కుర్ర నర్సుకూ ఫిలోమినా ముప్పై నాలుగేళ్లు చెప్పిన మాట అదే. ఇప్పుడా మాట చక్కగా చదువుకుని, ఉద్యోగం సంపాదించుకుని, ఎదురుగా కూర్చుని ఆమెకే జవాబు చెబుతోంది.

డాక్టరు వంశీకృష్ణ గది ముందు కోటప్పకొండ తిరునాళ్లంత జనం. హౌస్ సర్జనుగా అతను ఆమె వార్డులోనే పని నేర్చుకున్నాడు. నలుగురిలో ఆమెకతను డాక్టరుగారు, తలుపు మూస్తే బాబు. ఆమె తలుపు మూసింది.

"చదువు బాబూ. నీ రాతే."

అతను ఫైలు తిప్పాడు. మొదటి పేజీలో 'కె/సి/ఓ ఓపియాయిడ్ డిపెండెన్స్'. అంటే, ఫలానా జబ్బున్నట్టు ముందే తెలిసిన రోగి. మన డాక్టర్లు ఏ రోగి గురించి రాసినా ఆ మూడక్షరాలతోనే మొదలుపెడతారు. రెండో పేజీలో అదే. నలభై ఎనిమిది నెలలు, నలభై ఎనిమిది సార్లు. కింద ప్రతిసారీ 'బాగుంది' అని ఒక ముక్క.

"అలవాటమ్మా. బీపీకీ షుగరుకీ అట్టనే రాస్తాం."

"బీపీని ఎవరూ మానెయ్యరు. నేను మానేశా."

"ఒక్క అంకె తేడాకి ఇంత కోపమా?"

"పాయింటు ఒకటి రాయాల్సిన చోట ఒకటి రాసి, చంటిబిడ్డకి సూది ఎయ్యమన్న రోజు నీ చెయ్యి పట్టుకుని ఆపిందెవరు?"

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అతను కలం తీశాడు.

"సరే, అసలా జబ్బు పేరే తీసేస్తానమ్మా. నడుం నొప్పి అని రాస్తా. శుభ్రమైన కాగితం. గొడవ వదిలిద్ది."

ఫిలోమినా వెంటనే వద్దనలేదు. శుభ్రమైన కాగితం. సోమవారం ఎవరూ ఏమీ అడగరు. ఎవరూ ఏమీ గమనించరు కూడా. ఏదో ఒక నాడు నడుము మళ్లీ పట్టేస్తుంది, చేతిలో తాళంచెవి ఉంటుంది, ఈ మనిషిని ఒక కంట కనిపెట్టాలని ఆ బడిలో ఒక్కరికీ తెలిసి ఉండదు.

"వద్దు బాబూ. జరిగింది రాయి. ఆగిపోయిందీ రాయి."

అతను రాశాడు. నాలుగేళ్లుగా మాత్రలు లేవు, నిలకడగా రెమిషన్. ఆమె సంతకం చూసింది, తేదీ చూసింది, విషయం రెండుసార్లు చదివింది. పది నిమిషాల్లో నిరోష మీట నొక్కితే సున్నా ఒకటయింది.

సోమవారం బడి కరస్పాండెంటు ధనుంజయరావు ఆ కాగితాన్ని చాచిన చేతిదూరంలో పట్టుకుని చదివాడు.

"ఇదేంది సిస్టరుగారూ, డిపెండెన్సా?"

"వాక్యం చివరిదాకా చదవండి."

"ఇన్ రెమిషన్." ఆయన కళ్లజోడు తీశాడు. "మీరే చూపియ్యకపోతే నాకు తెలిసేదే కాదుగా?"

"అందుకే చూపిచ్చా."

తాళంచెవి ఆయన అరచేతిలోనే ఉంది. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఇవ్వలేదు. ఫిలోమినా సంచీలోంచి కొత్త తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టింది.

"బీరువాకి ఇది రెండోది. దీని చెవి మీ దగ్గర, ఆ చెవి నా దగ్గర. ఇద్దరం ఉంటేనే తెరుచుకోవాలి. మత్తుమందుల బీరువాకి మా వార్డులో ఎప్పుడూ రెండు తాళాలే."

"పిల్లలకి జరమొస్తే నాకోసం పరిగెత్తాలా?"

"జరం బిళ్లలు బల్ల సొరుగులో పెడతా. బీరువాలో గట్టి మందులే."

"అయితే మీ మీద నేను కాపలా అన్నమాట."

"మీ మీద నేను కూడా. రిజిస్టరులో ఇద్దరం సంతకం పెట్టాలి."

ధనుంజయరావు పెద్దగా నవ్వి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. కొత్త రిజిస్టరు మొదటి వరుసలో ఆమె ఎదురుగానే సంతకం చేసి, కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చోండి సార్," అంది ఫిలోమినా, పుస్తకాన్ని తిరిగి ఆయన వైపు తిప్పుతూ. "తేదీ ఎయ్యలేదు."