పసుపు అరకిలోకు వెనకవైపు

నేను ఒక మడత కాగితాన్ని. గర్భనిరోధక మాత్రల పెట్టెలో పుట్టి పెరిగాను. ఒకవైపు ఖాళీ, రెండోవైపు మూడు భాషల్లో చీమ తలకాయలంత అక్షరాలు. మాత్ర మింగడానికి మనుషులు నీళ్లు వెతుకుతారు గానీ, నన్ను చదవడానికి కళ్లజోడు వెతకరు.

తెనాలిలో చంద్రకళ చేతికి నన్ను పెట్టెతో సహా ఇచ్చింది ఆమె తోటికోడలు భ్రమరాంబ. ఆ వీధిలో ఎవరింట పూజైనా ఇలా అందించేది ఆవిడే. చంద్రకళకు సరిగ్గా గృహప్రవేశం నాటికే నెలసరి వచ్చేలా ఉంది.

"రోజుకొకటి వేసుకోవే, ఆగిపోద్ది. నేనెన్నిసార్లు వేసుకోలా!"

నిజమే, చాలామందికి ఏమీ కాదు. కానీ చంద్రకళకు అప్పుడప్పుడూ ఒంటివైపు తలనొప్పి వస్తుంది, దానికి ముందు కళ్లెదుట మెరుపులు కనిపిస్తాయి. అలాంటివాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దని నా మూడో పేరాలోనే ఉంది. ఆమె నన్ను తిరగేసి, ఖాళీవైపు 'పసుపు అరకిలో, గుమ్మడికాయ, మామిడాకులు' అని రాసుకుని పర్సులో పెట్టుకుంది.

మాత్రలు మొదలుపెట్టిన పదో రోజున తలనొప్పి మొదలైంది. ఎండదెబ్బ అన్నారు. మర్నాడు వాంతులు. ఉపవాసం అన్నారు. ఆ మర్నాడు సామాన్లు సరిచూడటానికి నన్ను తీసింది. 'వెంటనే ఆసుపత్రికి వెళ్లండి' అన్న వాక్యం అవతలివైపు ఆమె వేళ్ల కిందే ఉంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. జాబితా చూసుకుని మడిచేసింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగుతుండగా ఆమె మూతి వంకరపోయింది. కుడిచెయ్యి వేలాడిపోయింది. ఫిట్స్‌తో పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు "మందులేమైనా వాడుతోందా?" అని అడిగాడు.

"ఏం లేవండీ. బీపీ లేదు, షుగరు లేదు," అన్నాడు భర్త సాంబశివరావు. భ్రమరాంబ కూడా తలూపింది. అది అబద్ధం కాదు. ఆ మాత్రను మందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. పర్సులో నేను ఉడికిపోతున్నాను.

ఆధార్ కార్డు కోసం భ్రమరాంబ చంద్రకళ పర్సును బోర్లించింది. నేను నేలమీద పడ్డాను. నర్సు తీసి, రెండువైపులా చూసింది.

"ఈ మాత్రలు ఎవరు వేసుకుంటున్నారు?"

"అది మందు కాదమ్మా... పూజ ఉందని, ఆగటానికి..."

నర్సు నన్ను పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఈ మాత్రల వల్ల మెదడు సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అప్పుడు వెతికారు. గడ్డ కనిపించింది. దానికి తగిన మందు మొదలుపెట్టారు.

చంద్రకళ బతికింది. నేనిప్పుడు ఆమె ఆసుపత్రి ఫైల్లో ఉంటున్నాను. నెల తర్వాత ఎడమచేత్తో నన్ను తీసి, ముద్దముద్దగా కూడబలుక్కుంటూ పైనుంచి చదవడం మొదలుపెట్టింది. మూడో పేరా వచ్చేసరికి భ్రమరాంబ ఏడ్చేసింది.

"ఇంక చదవకే తల్లీ."

"చదవనీ అక్కా. నువ్వు ఎన్ని ఇళ్లలో ఇచ్చావో, అన్ని ఇళ్లకీ వెళ్లి చదవాలి."