కాల్షియం మానేసిన మనిషి

వెంకటశేషమ్మ మోకాళ్ల మాత్రల డబ్బా కనపడక నెల దాటింది. చేపల గంప ఎత్తుకుని మైపాడులో నెల్లూరు బస్సెక్కేసరికే కాళ్లు మావల్ల కాదంటున్నాయి. ఇంట్లో ఉండేదే ఇద్దరు, డబ్బా ఎక్కడికి పోద్ది? మొగుడు హజరత్తయ్యని అడిగితే నాకేం తెలుసు అన్నాడు.

ఆయన బాధ ఆయనది. పది నెలల కింద వలలో పడిన టేకుచేప విషపు తోకముల్లు అరచేతిలో దిగింది. పుండు మానింది గానీ నొప్పి పోలా. గాలి తగిలినా కారం పూసినట్టు మంట. వల తాడు పట్టలేకపోతే పడవలో చోటు ఇంకొకరికి పోద్ది. నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నరాల్లో సన్న తలుపులుంటాయంట, వాటిగుండా కాల్షియం లోపలికి పోతేనే నొప్పి కబురు మెదడుకి ఎక్కుద్దంట. దెబ్బతిన్న నరంలో ఆ తలుపులు ఎక్కువైనాయి, ఈ మాత్ర రోజూ వేస్తే కాస్త మూసుకుంటాయి అంది. అంత చెబితే ఈ మహానుభావుడి బుర్రకెక్కింది కాల్షియం అనే ఒక్క మాట.

ఆ పొద్దు నుంచి పాలు బంద్. వక్కాకులో సున్నం బంద్. పెళ్లయిన కాడి నుంచీ ముళ్లతో సహా నమిలి లొట్టలేసిన చిన్నచేపల పులుసు కూడా పక్కకి నెట్టేసినాడు. మాత్ర వేస్తే మత్తుగా ఉందని రోజు విడిచి రోజు మింగినాడు. నొప్పి తగ్గలా, మనిషి మాత్రం ఎండిపోయినాడు. వండింది కుక్కకి పోస్తుంటే శేషమ్మకి కడుపు రగిలిపోయింది. ఓపిక లేకపోయినా ఆయన్ని లాక్కుని మళ్లీ ఆసుపత్రికి పోయింది.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. నువ్వు తినడం మానితే నెత్తుట్లో కాల్షియం తగ్గదు పెద్దాయనా, చాలకపోతే ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది, లోపం తలుపుల దగ్గర గానీ తిండిలో కాదు, మాత్ర మానకుండా వెయ్యి అని మెల్లగా చెప్పింది. శేషమ్మ వైపు తిరిగి, మోకాళ్ల ఎముకలు గుల్లబారినాయని నీకిచ్చిన కాల్షియం మాత్రలు వేస్తున్నావా అని అడిగింది.

శేషమ్మ బదులు చెప్పకముందే హజరత్తయ్య తల దించుకున్నాడు.

“నేనే సముద్రంలో పారేసినా. ఈ మంట నీకు గూడా వస్తే తట్టుకోలేవు మే.”

తిట్టాలని నోరు తెరిస్తే ఆమెకి ఏడుపొచ్చింది. నెల పొడుగునా కాళ్లీడ్చుకుంటా గంప మోసింది, ఈ పిచ్చిమనిషికి తన మీదున్న ప్రేమ వల్లనంట! తిరుగు బస్సులో ఆయన మంటలేని చేత్తో ఆమె మోకాలు పిసుకుతా కూర్చున్నాడు. చాల్లే అనలేదు ఆమె.