జవాబు వచ్చేదాకా

కర్సర్ వెలుగుతోంది. ఆరుతోంది. వెలుగుతోంది.

ఆఫీసు కిటికీ అవతల హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ మీద మబ్బు పట్టింది — పొద్దుటి నుంచీ అంతే. కురవదు, కదలదు.

సంయుక్త తెర వంకే చూస్తోంది. ఆమె పనే అది. మనిషికి బదులు తనే ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి ఫైళ్ళు దిద్దే ప్రోగ్రామ్ ఒకటి రాస్తోంది వాళ్ళ టీమ్. ఎడిటర్ ఇంకేదో పనిలో ఉండగా టైపు చేస్తే ఆ అక్షరాలు గాలిలో కలిసిపోతాయి. అందుకని ముందే తెలియాలి — అది మన కోసం ఎదురుచూస్తోందా, లేదా అని.

సంయుక్త ఉపాయం ఒక్కటే. తెర కదలకుండా ఉందా... అయితే ఎదురుచూస్తున్నట్టే.

ఎన్నిసార్లో తప్పింది. తెర కదలదు, లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఇంకాసేపు ఆగి చూద్దాం... ఇంకాసేపు... అని గడువు పెంచుకుంటూ పోయింది.

పక్క సీటు రాకేష్‌ని కూడా అలాగే చూసింది, పిచ్చిది.

అతను మాట్లాడకపోతే, తన మాట కోసమే ఆగాడనుకుంది. అతను తలెత్తితే గుండె ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా పక్కపక్కనే కూర్చున్నా ఇద్దరూ ‘మీరు’ దాటలేదు.

అంతలో అఖిల వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, టీమ్‌కి కొత్త. వచ్చిన వారానికే రాకేష్ కుర్చీ వెనక నిలబడింది.

“చాయ్‌కి వస్తవా?”

అంతే. లేచి వెళ్ళాడు.

అసూయ అని పెద్ద మాటెందుకు? కుళ్ళు. పచ్చి కుళ్ళు. లిఫ్టు దగ్గర అఖిల నవ్వు వినిపిస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్ల జడ, ఆ పిల్ల చెప్పుల చప్పుడు, ఆ పిల్ల ‘వస్తవా’ — ఏదీ గిట్టేది కాదు.

ఇవాళ అఖిల రాసిన కోడ్ పరీక్షకు సంయుక్త దగ్గరికే వచ్చింది. తప్పు పట్టాలి. ఎలాగైనా పట్టాలి. పెద్ద పెద్ద ఫైళ్ళిచ్చి సతాయించింది. కిందా మీదా పడింది.

తప్పలేదు. ఆ కోడ్ ఒక్కసారీ తప్పలేదు.

అఖిల తెరను చూడనే లేదు. ఎడిటర్‌కి చిన్న ప్రశ్న పంపింది — సిద్ధమేనా? చేతిలో పని ముగిశాకే ఎడిటర్ దానికి జవాబిస్తుంది. జవాబు వస్తే, ఎదురుచూస్తున్నట్టు.

అడిగింది. అంతే కదా... అడిగింది.

సంయుక్తకి ఏడుపొచ్చినంత పనైంది. ‘బాగుంది’ అని రాసి పంపేసింది.

రాకేష్ చాయ్ తాగి వచ్చి కూర్చున్నాడు. ఆమెకి ఉండబట్టలేదు.

“మీరు చాయ్ తాగరనుకున్నానండి.”

అతను ఇటు తిరిగాడు.

“మీరెప్పుడన్న అడిగిన్రా?”

అందులో కోపం లేదు. ఎగతాళి లేదు. కొంచెం నొప్పి ఉన్నట్టుంది... అదీ తను అనుకోవడమేనేమో. మళ్ళీ అనుకోవడం!

అవతలి వరసలోంచి అఖిల ఇటే చూస్తోంది. చూడనీ.

“రేపు నాతో చాయ్‌కి వస్తారా?”

సంయుక్త అడిగేసింది.

రాకేష్ కళ్ళు తిప్పుకోలేదు. ఆలోచిస్తున్నాడో, మాట వెతుక్కుంటున్నాడో — చూసి చెప్పడం ఆమె వల్ల కాదు. ఇక చూసి ఊహించదలచుకోనూ లేదు; జవాబు వచ్చేదాకా ఆగుతుంది.

మబ్బు అలాగే ఉంది.

కర్సర్ వెలుగుతోంది. ఆరుతోంది...