ఎడమవైపు దీపస్తంభం

బోటు కూత వేసేసరికి టీ అక్క కెటిల్ చెవికి తాడు బిగిస్తోంది. తాడు రెండో కొస గోడకున్న కొక్కేనికి ఉంటుంది. బోటు మలుపు తిరిగినప్పుడు కెటిల్ జారి మీద పడకుండా ఆమె కనిపెట్టిన ఉపాయం అది. కప్పుల దొంతర్లు మోచేత్తో సరిచేసి, బిస్కెట్ల డబ్బా మూత నొక్కి, పైకప్పు వైపు చూసింది. ఆ కప్పుకి అవతల, పై అంతస్తులో చివరి బెంచీ మీద ఆమె అత్తగారు కూర్చుని ఉంది. పొద్దున ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది, అప్పటి నుంచీ దిగకుండా అక్కడే ఉంది.

సాయంత్రం ఆడబిడ్డ మొగుడు రేవు దగ్గరికే కారు తెస్తాడు. అత్తగారిని తమ ఊరు తీసుకుపోతాడు. ఇక ఆవిడ ఉండేది అక్కడే. ఇక్కడి అద్దెగది మూడో అంతస్తులో ఉంది, ఆ మెట్లు ఎక్కడం మా వల్ల కాదని ఆవిడ మోకాళ్ళు తేల్చేశాయి. కూతురి ఇంట్లో మెట్లు లేవు. న్యాయంగా చూస్తే ఇందులో ఏడవాల్సిందేమీ లేదని టీ అక్క వారం నుంచీ తనకి తనే చెప్పుకుంటోంది.

పోయేముందు ఒక్కసారి నీ బోటెక్కుతానే అంది అత్తగారు. చిక్కంతా అక్కడ వచ్చింది.

టీ కౌంటరు బోటు అడుగు అంతస్తులో ఉంది. జనం వెనక మెట్ల మీంచి దిగివస్తారు కాబట్టి ఆమె వాళ్ళకేసి తిరిగి, అంటే బోటు వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి నిలబడాలి. ఎడంచేతి పక్క కుళాయి గోడ, కుడిచేతి పక్క పాలడబ్బాల గోడ. వాటికున్న గుండ్రటి కిటికీలు అట్టపెట్టెల వెనక ఎప్పుడో మునిగిపోయాయి. బోటు కదిలితేనే జనానికి టీ గుర్తొస్తుంది. బోటు ఆగితే ఆమెకి గిన్నెలు కడిగే పని మొదలవుతుంది. కొత్తలో, రేపు పైకెళ్ళి చూద్దాంలే అనుకునేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, ఆ రేపు ఇన్నేళ్ళైనా రాలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసిపోయే హార్బరుని ఆమె చెవులతోనే చూసింది.

చూపించేది రేడియో. మైకు మనిషికి బోటులో ఆ పేరే స్థిరపడిపోయింది. మామూలుగా అయితే ముక్కు ఎగబీలుస్తూ సగం మాటలు మింగేస్తాడు. మైకు అందుకున్నాడా, ఇక వీక్షించండి, తిలకించండి తప్ప వేరే మాట రాదు. ఎడమవైపు దీపస్తంభం, కుడివైపు పాత సుంకాల భవనం, దాన్ని దాటాక ఓడలు కట్టే చోటు. ఆ మాటలన్నీ టీ అక్కకి కంఠతా వచ్చు. వచ్చినవాటిని ఇంటికి తీసుకెళ్ళి, కళ్ళారా చూసినట్టు అత్తగారికి చెబుతుంది.

అది ఆమె మొగుడు ఇంకో ఆవిడతో వెళ్ళిపోయిన ఏడాది మొదలైంది. అత్త మంచీ వేము తీపీ లేదంటారు గానీ, ఈ అత్తగారు కొడుకు వెంట పోలేదు, వాడి పేరెత్తలేదు, కోడలి దగ్గరే ఉండిపోయింది. కోడలు మాత్రం పని నుంచి రాగానే గోడకేసి తిరిగి పడుకునేది. తినమంటే తినేది, లేదంటే లేదు. ఒక సాయంత్రం అత్తగారు, ఓడలో ఉద్యోగం కదా, ఇవాళేం చూశావే అని అడిగింది. కెటిల్ చూశానని చెప్పడానికి మనసొప్పలేదు. లైట్‌హౌస్ చూశానంది. ఎలా ఉందని అడిగింది ముసలావిడ. గోడకేసి పడుకుని లైట్‌హౌస్ గురించి ఎంతసేపని చెబుతుంది, లేచి కూర్చుంది. కంచాన్ని బోటుగా పెట్టి, చుట్టూ గ్లాసులూ డబ్బాలూ పేర్చి హార్బరంతా చూపించింది. ఆనాటి నుంచి అదే ఆనవాయితీ. కొన్నాళ్ళకి, రోజంతా ఎవరేమన్నా పట్టించుకోని మనిషి, సాయంత్రం చెప్పాల్సింది పోగేసుకోవడానికి చెవులు రిక్కించడం నేర్చుకుంది.

ఇప్పుడా ముసలావిడ పైన కూర్చుని అన్నీ తన కళ్ళతో చూస్తోంది. ఇన్నేళ్ళ అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని ఒక భయం. తనంతట తనే చెప్పేసి పంపిస్తే బావుంటుందని ఒక ఆరాటం. అసలివేవీ కాదు, ఆవిడ పక్కన కాసేపు కూర్చుంటే చాలని ఇంకో కోరిక. ఈ మూడింటి మధ్యా టీ అక్క చేతులు నిలవడం లేదు. టీ అడిగినవాడికి కాఫీ ఇచ్చింది. చక్కెర వద్దన్నావిడ కప్పులో చక్కెర పోసింది. ఆవిడ నసిగితే కప్పు మార్చి, మార్చినదాంట్లోనూ పోసింది. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా అత్తగారేమోనని చూసింది. రేడియోకి ఒక కప్పు ఇచ్చి, పెద్దావిడకి చలేస్తోందేమో కనుక్కోమంది. వేయట్లేదట, ఇంకో టీ పంపమందట.

మధ్యాహ్నం దాటాక బయల్దేరిన ట్రిప్పులో ఇక ఆగలేకపోయింది. సాయంత్రపు ట్రిప్పు దాకా అత్తగారు ఉండదు. కెటిల్ కింద మంట ఆర్పి కౌంటరు తలుపు దించుతుంటే, చెయ్యి చాపిన ఒకాయన టీ లేదా అని అడిగాడు.

"ఉంది. ఇప్పుడు లేదు," అని మెట్లెక్కింది.

పైన గాలి కొడుతోంది. అత్తగారు శాలువా చెవుల మీదుగా కట్టుకుని రెండు చేతుల మధ్యా కప్పు పట్టుకుని కూర్చుంది. వేడి టీకీ ఆవిడ కట్టుడు పళ్ళకీ పొసగదు. వాటిని తీసి ఇంకో ఖాళీ కప్పులో వేసి బెంచీ కింద పెట్టుకుంది. కోడలిని చూసి బోసినోటితో నవ్వి పక్కకి జరిగింది.

టీ అక్క ఆ జాగాలో కూర్చుని, చెప్పాలనుకున్నది మొదలుపెట్టబోయింది. ఈలోగా బోటు ఒక పక్కకి ఒరిగింది. కెటిల్ తాడు బిగుసుకునే చోటు అది. టీ అక్కకి కాళ్ళతోనే తెలుసు.

"ఇప్పుడు లైట్‌హౌస్ వస్తుంది అత్తయ్యా, ఇటు చూడండి," అంటూ కింద తన ఎడంచేతికి కుళాయి గోడ ఉండే పక్కకి చెయ్యి చాపింది.

అటువైపు తుప్పు పట్టిన గోదాములు తప్ప ఏమీ లేవు. మైకులో రేడియో ఎడమవైపు దీపస్తంభాన్ని వీక్షించమన్నాడు. బెంచీల మీద తలలన్నీ అవతలి పక్కకి తిరిగాయి. రేడియో చెప్పే ఎడమ ముందుకి చూసేవాళ్ళ ఎడమ. ఇన్నేళ్ళూ ఆమె విన్నది వెనక్కి తిరిగి నిలబడి. చాపిన చేతిని ఏం చెయ్యాలో తోచలేదు.

అత్తగారు ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా తిప్పింది.

"అటు కాదే అమ్మాయ్. ఇటు."

ఆమె మనసులో కట్టుకున్నదానికన్నా లైట్‌హౌస్ చాలా పొట్టిగా ఉంది. సున్నం పెచ్చులూడింది. దాని పాదం దగ్గర ఒక రేకుల షెడ్డు కూలడానికి సిద్ధంగా ఉంది.

"నాకు పెళ్ళి కాకముందు వలలు బాగుచేసింది ఆ షెడ్డులోనే," అంది అత్తగారు. పళ్ళు లేక మాటలు మెత్తగా జారుతున్నాయి. "నువ్వు మొదటి రోజు నుంచీ కంచం చుట్టూ హార్బరుని తిరగేసే పెట్టావు."

వలలు బాగుచేసేదని టీ అక్కకి తెలుసు. ఎక్కడని ఏనాడూ అడగలేదు.

"నేనివేవీ చూడలేదు అత్తయ్యా."

"తెలుసు."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

అత్తగారు టీ అడుగుదాకా తాగి, కప్పు వంచి చూసి పక్కన పెట్టింది.

"ఆ ఏడాది నువ్వు నోరు విప్పింది దానికొక్కదానికే. తప్పంటే మళ్ళీ గోడకేసి తిరుగుతావని ఊరుకున్నా."

టీ అక్క ఏడ్చింది. పక్క బెంచీలో ఎవరో గాలికి కళ్ళు మండుతున్నాయనుకుని రుమాలు ఇచ్చారు, తీసుకుంది. బోటు ఒడ్డుకి చేరేదాకా ఇద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. కింద ఎవరో కౌంటరు తలుపు కొడుతున్నా ఆమె లేవలేదు.

కారు అనుకున్నదానికన్నా ముందే వచ్చి ఉంది. ఆడబిడ్డ మొగుడు హారను కొడుతూనే ఉన్నాడు. ఆ హడావుడిలో మెట్లు దిగడం, సంచి వెతకడం, చెప్పులు సర్దడంతోనే సరిపోయింది. వేళకి తినవే అంది అత్తగారు. కారు తలుపు వేసుకుంది. కారు గోదాముల మలుపు తిరిగేదాకా టీ అక్క రేవులోనే నిలబడింది.

ఆఖరి ట్రిప్పు బయల్దేరాక ఖాళీ కప్పులు ఏరడానికి పైకెళ్ళింది. చివరి బెంచీ కింద నుంచి ఒక కప్పు తీసి సంచిలో పడేయబోతే బరువుగా తగిలింది. రాత్రికి పళ్ళు లేకుండా ఈ మనిషి ఏం తింటుందన్నదే ముందుగా తోచింది. ఇచ్చి రావడానికి రేపు సెలవడగాలి. ఆమె ఇంతవరకూ ఎప్పుడూ అడగలేదు.

కింద నుంచి టీ అక్కా అని పిలుపులు మొదలయ్యాయి. వస్తున్నానంటూనే బెంచీ మీద కూలబడి, ముందుకి చూస్తూ కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న కాగితం కప్పులో పై వరసా కింది వరసా ఒకదాన్నొకటి తాకుతూ, బోటు అదురుకి సన్నగా టకటకమంటున్నాయి.