నేను పెట్టని సంతకం

రేడియో వాళ్లు మంగళవారం పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. మీ తర్వాత ఈ దీవులకు అధ్యక్షుడైన తెబెలాక్ మీద చట్టసభ అభిశంసన పెట్టింది కదా, మాజీ అధ్యక్షుడిగా మీ అభిప్రాయం ఏమిటని అడిగారు. చట్టం తన పని తాను చేసుకుపోవాలి, నాలాంటివాడు నోరు విప్పకూడదు అన్నాను. గొంతులో తగినంత బాధ కూడా పలికించాను. వాళ్లు వెళ్లాక మా మరదలు సిసాంగ్ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బావా, ఆ మాట చెప్తుంటే నీ మొహంలో పెళ్లికళ ఉంది" అంది.

సిసాంగ్ నా భార్య ఉరోయ్‌కి చెల్లెలు. ఉరోయ్ పోయి రెండేళ్లు దాటింది. అప్పటినుంచి రోజు విడిచి రోజు ఉడికించిన చేమదుంపలు తెచ్చి పెడుతుంది. దుంపలతోపాటు ఇలాంటి మాటలూ తెస్తుంది. రెండూ లేకపోతే నేను ఈపాటికి ఎండిపోయి ఉండేవాణ్ణి.

ఆమె అన్నది సగమే నిజం. నా మనసులో ఉన్నది సంతోషమైతే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. అసూయ ఉంది.

తెబెలాక్ నాలుగేళ్లు నా కింద పనిచేశాడు. నా ఫైళ్లు మోశాడు, నా గొడుగు పట్టాడు. చివరికి నా మీదే నిలబడి రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు. నేను పదవి దిగిన రోజున నన్ను సాగనంపడానికి పదకొండుమంది వచ్చారు. అందులో ఇద్దరు కుర్చీలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు. ఇప్పుడు అతన్ని దింపాలో వద్దో తేల్చుకోవడానికి చట్టసభ ముందు ఆరువందలమంది చాపలు పరుచుకుని కూర్చున్నారు. దింపాలన్నవాళ్లు మామిడిచెట్టు వైపు, వద్దన్నవాళ్లు జెండా వైపు. పొద్దంతా ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు. మధ్యాహ్నానికి ఒకే కుండలో చేపలు వండుకుని తింటారు.

నాలుగేళ్లు పాలించాను. నన్ను దింపాలని ఒక్కడికీ అనిపించలేదు. దింపాలనిపించేంత పని నేనేం చేశాను?

తెబెలాక్ చేసిన పని ఇది. మా ఉత్తరపు పగడపు దిబ్బల్లోకి పరదేశపు చేపల ఓడలు రాకూడదని, ఐదేళ్లు ఆ నీళ్లు మూసేస్తున్నానని ఆజ్ఞ మీద సంతకం పెట్టాడు. చట్టసభను అడగలేదు. అడగకపోయినా సభ అతన్ని క్షమించేదేమో. కానీ అతని బావమరిదికి అక్కడ యాత్రికులను తిప్పే పడవలున్నాయి, కిందటేడే కొన్నాడు. ఆ పడవలకు అడ్డు లేకుండా చెయ్యడానికే తెబెలాక్ కూర్చుని ఈ ఆజ్ఞ రాశాడన్నది అసలు నేరారోపణ. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని సభ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అతను ఒకే మాట చెప్పాడు. పెద్దల దగ్గర్నుంచి వచ్చింది అని. ఏ పెద్దలని అడిగితే తల వంచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రేడియోలో ఆజ్ఞ పాఠం మొదటిసారి చదివారు. నేను దుంప మీద కొబ్బరిపాలు పోసుకుంటున్నాను. "మన తాతలు దిబ్బ అంచున కొబ్బరిమట్ట కట్టి నీళ్లు మూసేవారు, చేప పెరిగాక ఆ మట్టను పెద్దావిడ చేత విప్పించేవారు" అని వార్తలవాడు చదివాడు. నా చెయ్యి ఆగింది. కొబ్బరిపాలు గిన్నె దాటి చాప మీదికి పోయాయి.

ఆ వాక్యం నాది. పదవిలో మొదటి ఏడాది రాశాను. మా న్యాయ సలహాదారు సరిచేశాడు, ఆయన ఇప్పుడు లేడు. కాగితం అచ్చుగుద్ది సిద్ధంగా పెట్టుకున్నాను. తర్వాత ఓడలవాళ్ల దేశం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మంచి భోజనం పెట్టి మంచి మాటలు చెప్పాడు. ఈ నెల వద్దులే, వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ ఆ కాగితాన్ని మూడేళ్లు సొరుగులో ఉంచాను. పదవి పోయిన రోజున పుస్తకాలతోపాటు పెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

పెట్టె తెరిచి అడుగుదాకా వెతికాను. కాగితం లేదు.

దొంగ అనుకున్నాను. నా ఉద్యోగం తీసుకున్నాడు, నా వాక్యం తీసుకున్నాడు, ఇప్పుడు నాకు రావలసిన తిట్లు కూడా తనే తింటున్నాడు. చెప్పులేసుకుని, నా వక్కల బుట్ట పట్టుకుని బయల్దేరాను.

తెబెలాక్ రేవు దగ్గర పడవ అంచున కూర్చుని చేపలు శుభ్రం చేస్తున్నాడు. విచారణ లేని రోజుల్లో అతను చేసేది అదే. నన్ను చూసి లేచాడు. చేతులు ఉప్పునీళ్లలో కడుక్కుని, నేనేదో అనేలోగా తన వక్కల బుట్ట నా ముందు పెట్టాడు. మా దీవుల్లో ముందు వక్క నమలాలి, తర్వాతే తిట్టుకోవాలి.

నేను వక్క తియ్యలేదు. బుట్టనే చూస్తూ ఉండిపోయాను. మొగలాకు అల్లిక. అంచు దగ్గర ఆకును ఎడమవైపు తిప్పి రెండుసార్లు ముడివేసి లోపలికి దోపారు. ఎడమకు తిప్పే మనిషి మా దీవుల్లో ఒక్కతే, మా ఉరోయ్. నా చేతిలో ఉన్న బుట్ట కూడా ఆమె అల్లిందే. నాది అంచులు చిట్లి, నల్లబడి, ఒక పక్కకు ఒరిగిపోయింది. అతనిది నిన్ననే అల్లినట్టుంది. జాగ్రత్తగా వాడుకున్నాడు.

"ఎప్పుడిచ్చింది?" అన్నాను.

అతనికి అర్థమైంది. మీరు పదవి దిగిన నెలలో అన్నాడు. ఉరోయ్‌ని అతను అక్క అనేవాడు. అక్క తనంతట తానే అతని ఇంటికి నడిచి వచ్చిందని, బుట్ట చేతిలో పెట్టి వక్కలన్నీ తీసి చూడమందని, అడుగున మడత పెట్టిన కాగితం ఉందని చెప్పాడు.

"ఏమంది?"

"వద్దులెండి పెద్దాయనా."

"చెప్పు."

అతను చేపల వైపు చూస్తూ చెప్పాడు. "మా ఆయన మంచివాడు తెబెలాక్, రాయడం వచ్చు. సంతకం దగ్గర చెయ్యి వణుకుతుంది. నీకు వణకదు. వీలైనప్పుడు పెట్టు, అంది."

ముప్ఫైయెనిమిదేళ్లు కాపురం చేశాను. ఈ మాట ఆమె నాకు చెప్పలేదు. వెళ్లి ఇతనికి చెప్పింది. అంతకుముందు నాలో ఉన్న అసూయ దీని ముందు ఏపాటిది?

"సభలో ఎందుకు చెప్పలేదు? చెప్తే ఒడ్డున పడేవాడివి కదా."

"అక్క చెప్పొద్దంది. మీకు చిన్నతనం అవుతుందంది." ఇంకో చేప చేతిలోకి తీసుకుని, "నేను మీ గొడుగు పట్టినవాణ్ణి. వాన వచ్చిందని మధ్యలో వదిలెయ్యలేను కదా" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. వాకిట్లో కూర్చున్నాను. నేను నోరు విప్పకపోతే శుక్రవారం ఓటింగులో అతను దిగిపోతాడు. విప్పితే, మూడేళ్లు సంతకానికి భయపడిన అధ్యక్షుణ్ణి నేనని దీవులన్నిటికీ తెలుస్తుంది. ఊరుకో, నిన్నెవరూ అడగలేదుగా అంటోంది నాలోని ఒక గొంతు. రేడియోలో మాట్లాడిన గొంతే అది.

సాయంత్రం సిసాంగ్ వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆ బుట్ట అల్లుతున్నప్పుడు తను పక్కనే కూర్చుని ఆకు చీల్చి ఇచ్చిందట.

"అంత అందంగా అల్లిందే అతనికి" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

సిసాంగ్ దుంపల గిన్నె కింద పెట్టింది. "డెబ్భై ఏళ్లొచ్చాయి. బుట్ట కోసం ఏడుస్తున్నావా? అదే వారంలో నీకూ అల్లింది కదా. ముందు నీది అల్లింది. మిగిలిన ఆకుతో అతనిది. ఆకు చాల్లేదని గొణుక్కుంది కూడా."

నన్ను ఓదార్చడానికి చెప్పిందో, నిజమే చెప్పిందో తెలియలేదు. మా మరదలికి రెండూ ఒకే మొహంతో చెప్పడం వచ్చు.

మర్నాడు మా ఊరి పెద్దల దగ్గర్నుంచి వార్తాహరుడు వచ్చాడు. రేవులో మమ్మల్నిద్దరినీ చూసినవాళ్లు ఏదో ఊహించి ఉంటారు. పెద్దలు కూర్చునే మా ఊరి మందిరంలో పెద్ద విషయాలు పైకి మాట్లాడరు. వార్తాహరుడు ఒకరి నోటి దగ్గర చెవి పెట్టి విని, ఇంకొకరి చెవిలో చెప్తాడు. అలా అయితే కోపంలో ఎవరూ అరవరు, ఎవరి పరువూ పోదు. మీకు తెలిసింది నా చెవిలో చెప్పండి, మీ పేరు రాకుండా పెద్దలు సభకు నచ్చజెప్పుకుంటారు అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వంగి అతని చెవి దగ్గరికి వెళ్లాను కూడా.

గుమ్మంలో సిసాంగ్ నిలబడి ఉంది. "ముప్ఫై ఏళ్లు అన్నీ చెవిలోనే చెప్పావు బావా" అంది. కోపంగా అనలేదు. దుంపలు చల్లారిపోతున్నాయని చెప్పినట్టే చెప్పింది.

నేను నిటారుగా కూర్చున్నాను. పెద్దలకు నా నమస్కారాలు చెప్పమన్నాను, శుక్రవారం నేనే వస్తానన్నాను.

విచారణకు అధ్యక్షత వహించేది ఇదిప్ అనే సభ్యుడు. నా పాత మిత్రుడు, తెబెలాక్ చేతిలో నాలాగే ఓడినవాడు. శుక్రవారం నేను సాక్షి కుర్చీలో కూర్చోగానే అతని కళ్లు మెరిశాయి. మాజీ అధ్యక్షులవారు తమ వారసుడి గురించి అభిప్రాయం దాచుకోకుండా చెప్పాలని కోరాడు.

"కాగితం నాది" అన్నాను.

రేడియో మైకు ముందుకు జరిపారు. మళ్లీ చెప్పాను. ఏడేళ్ల కిందట రాశాను, అప్పటికి అతని బావమరిదికి పడవ కాదు కదా, తెడ్డు కూడా లేదు. అసలు ప్రతి తెప్పించి కింద ఎడమ మూల చూడమన్నాను. కాగితాలు సరిచూస్తూ వక్క నమలడం నా అలవాటు. సున్నం అంటిన నా బొటనవేలి ముద్ర అక్కడ తెల్లగా ఉంది. గుమాస్తా వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు, తల ఊపాడు.

ఇదిప్ ఆ కాగితం తీసుకుని తనే చూశాడు. "మరి మీరే సంతకం ఎందుకు పెట్టలేదు?"

"భయపడ్డాను."

"దేనికి?"

"ఇలాంటి రోజుకి."

వెనక ఎవరో నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. నేనూ నవ్వాను కాబోలు, పక్కావిడ నా మోచెయ్యి మెల్లగా తట్టింది. ఆవిడ దింపాలన్న మామిడిచెట్టు వైపు మనిషి. ఉరోయ్ పేరు నేను ఎత్తలేదు. కాగితం అతనికెలా చేరిందని అడిగితే నా ఇంట్లోంచే వెళ్లిందన్నాను. అబద్ధం కాదు.

అభిశంసన రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. జనం తెబెలాక్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. అసూయ పోలేదు, నిజం చెప్పాలి కదా. కాగితం నాది, ఊరేగింపు అతనిది. ఒక ముసలావిడ మాత్రం గుంపులోంచి వెనక్కి వచ్చి, ఆకులో చుట్టిన కాల్చిన చేప నా చేతిలో పెట్టి, ముల్లు చూసుకుని తిను నాయనా అని వెళ్లిపోయింది. చేప ఇంకా వేడిగా ఉంది.

జనం పల్చబడ్డాక తెబెలాక్ వచ్చి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. బుట్ట మా ఇద్దరి మధ్యా పెట్టాడు. ఈసారి వక్క తీసుకున్నాను. అతను తమలపాకు చీలుస్తుండగా, కంటి చివరతో ఆ బుట్ట అల్లిక వరసలు అడుగునుంచి అంచుదాకా లెక్కపెట్టాను.

పన్నెండు.

నా బుట్ట వరసలు నాకు కంఠతా వచ్చు. పదమూడు.

సున్నం అందించమన్నాడు తెబెలాక్. నా బుట్టలోంచి తీసి ఇచ్చాను.