ముప్పై రెండో సిపాయి

తొంభై ఏడో సంవత్సరం వేసవిలో, బందరు కోటకి వెళ్ళే రోడ్డు పక్కనున్న పటాలం సమాధుల్లో ఒక శవం తక్కువైందని తేలింది. శవాలు ఎక్కువై గవర్నమెంటు తల పట్టుకోవడం ఉప్పెనలప్పుడు చూశాం గానీ, తక్కువై కంగారుపడటం ఎక్కడైనా విన్నామా? మా బందరులో ఆ ముచ్చటా తీరింది.

కంగారుపడినాయన పేరు పిచ్చేశ్వరరావు. స్మారక స్థలాల సంరక్షణకని కొత్తగా పెట్టిన ఆఫీసుకి స్పెషలాఫీసరు. ఫైలు చంకలో పెట్టుకుని, ఎండలో సమాధుల చుట్టూ మూడుసార్లు తిరిగి, కాపలాదారు విల్సన్‌ని కేకేశాడు.

"ఏవయ్యా, ఫైల్లో ముప్పై రెండున్నాయి. ఇక్కడ ముప్పై ఒకటే. ఇంకోటేం చేశావ్?"

"నేనేం చేసుకుంటానండీ దాన్ని? ఇంటికి పట్టుకెళ్ళేదా ఏవన్నానా?" అన్నాడు విల్సన్.

విల్సన్ తండ్రి కూడా ఇక్కడే కాపలా కాసి పోయాడు. అందుకని అసలు సంగతి విల్సన్‌కి తెలుసు. నలభై రెండులో జపాన్ వాళ్ళు కాకినాడ మీద బాంబులేశారని హడలిపోయి, బందరు ఒడ్డున తెల్లవాళ్ళ పటాలాన్ని దింపారు. జపాన్ వాళ్ళు రాలేదు, దోమలొచ్చాయి. మలేరియాతో ఇరవై మంది, కలరాతో పదిమంది, కల్లు తాగి చెరువులో పడి ఒకడు పోయారు. ముప్పై రెండోవాడు కూడా ఎటూ పోతాడు కదా అని ముందే నంబరేసి, కాగితం రాసేశారు. మర్నాటికి వాడు లేచి కూచుని గంజి అడిగాడు. వారం తిరక్కుండా రైలెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు.

"ఆయన బతికాడండి" అన్నాడు విల్సన్.

"ఫైల్లో చచ్చాడు కదయ్యా! ఆ లెక్క మీద సంతకాలై లండన్ దాకా వెళ్ళింది. వచ్చే నెల అక్కణ్ణించి ఈ సమాధులు చూడ్డానికి దొరసాని వస్తోంది. వాడొక్కడి కోసం నేను గవర్నమెంటు పరువు తియ్యనా?"

ఆయన వెంట సాంబశివరావు అని ఒక చరిత్ర లెక్చరరు కూడా వచ్చాడు. ఈ సమాధుల మీద పుస్తకం రాయమని పని అప్పజెప్పారు. చచ్చినవాళ్ళందరూ వీరమరణం పొందాలని ఆయన పట్టుదల.

"దోమలు చంపాయండి" అని విల్సన్ చెబితే, "గాల్లోంచే కదా వచ్చాయి? వైమానిక దాడి అని రాసుకుంటాను" అన్నాడు.

ఇంతలో పిచ్చేశ్వరరావు కళ్ళు గోడ అవతలికి పోయాయి. గోడకి ఆనుకుని బయట ఇంకో సమాధి ఉంది. "అదెవరిదయ్యా?"

"మా అమ్మదండి. రాజమ్మ."

డెబ్భై ఏడు ఉప్పెనలో పోయింది రాజమ్మ. దివిసీమలో శవాల్ని కుప్పలేసి తగలబెడుతున్న రోజులవి. ఆ నీళ్ళలోనే విల్సన్ తండ్రి అప్పటి ఆఫీసరు దగ్గరికి పోయి, జీవితమంతా ఇక్కడే చాకిరీ చేశామండి, లోపల ఒక మూల నాలుగు మూరల చోటిప్పించండి అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. మిలిటరీ స్థలంలో కాపలావాడి పెళ్ళానికి చోటేమిటన్నాడా మహానుభావుడు. పాపం, ముసలాయన భార్యని గోడ బయట పెట్టుకుని, తడి సిమెంటు మీద మేకుతో తనే పేరు రాశాడు. అప్పట్నించీ ఆ సమాధి మీద గేదెలు ఒళ్ళు రుద్దుకోవడం, విల్సన్ కర్ర పట్టుకుని పరిగెత్తడం రోజూ ఉన్నదే. ఇప్పుడు దానికి తోడు పోర్టు రోడ్డొకటి. పోర్టు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక గానీ, రోడ్డు వెడల్పు చెయ్యడానికి గోడ దాకా రాళ్ళు పాతేసి పోయారు. రాజమ్మ సమాధి రాళ్ళకి రోడ్డు వైపే ఉంది. విల్సన్‌కి ఆ దిగులుతో అన్నం సయించడం లేదు.

పిచ్చేశ్వరరావు గొంతు తేనెలో ముంచినట్టు మెత్తబడింది. "గోడ జరిపించేస్తా విల్సన్. సైనిక సమాధంటే రోడ్డువాళ్ళు ముట్టుకోరు. మీ అమ్మ లోపలికొస్తుంది. కాకపోతే, సిపాయిగా."

"సిపాయేంటండీ?"

"ఫైల్లో ఆ ముప్పై రెండోవాడి పేరు చెదలు తినేసింది. అది మన అదృష్టం. పేరు తెలియని సిపాయి అని ఓ రాయి వేసేద్దాం."

ఇంటికెళ్ళి చెబితే భార్య కృపాకుమారి అంతెత్తున లేచింది. "అత్తయ్య పేరు తీసేస్తారా? ఒప్పుకుని వచ్చావా నువ్వు?"

"పేరుంచుకుని రోలర్ కింద పెట్టమంటావా అమ్మని?" అన్నాడు విల్సన్.

నాలుగు రోజుల్లో గోడ జరిగింది. మామూలుగా నాలుగేళ్ళు పట్టే పని! మేస్త్రీలు పాత సిమెంటు పలక పగలగొట్టి, ఆ ముక్కలే గోడ పునాదిలో వేసేశారు. విల్సన్ అక్కడే నిలబడి చూశాడు. తండ్రి రాసిన అక్షరాలు ఏ ముక్క మీదున్నాయో వెతుక్కునేలోపే తాపీ తిరిగిపోయింది.

దొరసాని వచ్చింది. ముసలావిడ, మంచి మనిషిలాగే ఉంది. పోలీసు బ్యాండు మోగింది. పిచ్చేశ్వరరావు ప్రతి సమాధి దగ్గరా బిర్రబిగుసుకుని సెల్యూట్ కొట్టాడు, రాజమ్మకి కూడా. ఆవిడ ఆ చివరి రాయి దగ్గర పూలుంచి, విల్సన్ వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఈ సిపాయి గురించి నీకేమన్నా తెలుసా అంటున్నారు" అన్నాడు సాంబశివరావు.

అబద్ధం చెప్పాలనే విల్సన్ అనుకున్నాడు. పిచ్చేశ్వరరావు నెల్లాళ్ళు కూచోబెట్టి నేర్పిన అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పూలు చూశాక నేలమీద కూలబడి, "మా అమ్మండీ! మా అమ్మండీ ఈవిడ!" అని భోరుమన్నాడు.

పిచ్చేశ్వరరావు మొహాన నెత్తురుచుక్క లేదు. సాంబశివరావు మాత్రం తొణకలేదు. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చక్కగా ఏదో చెప్పాడు. దొరసాని కళ్ళు తుడుచుకుని, వంగి విల్సన్ భుజం తట్టింది.

ఆయన ఏం చెప్పాడో రెణ్ణెల్లకి పుస్తకం అచ్చయ్యాక తెలిసింది. కృపాకుమారి కూడబలుక్కుంటూ చదివింది: 'కాపలాదారుకి ఈ వీరులంటే ఎంత భక్తి అంటే, పేరు తెలియని సిపాయి సమాధి మీద పడి, కన్నతల్లిని పోగొట్టుకున్న కొడుకులా విలపించాడు.'

"మళ్ళీ చదువు" అన్నాడు విల్సన్. చదివింది. ఒళ్ళు మండిపోయింది అతనికి. కొడుకులా ఏంట్రా, కొడుకునే! ఉలి, సుత్తి పట్టుకుని పోయాడు. పట్టపగలు, రోడ్డుమీద పోయేవాళ్ళందరూ చూస్తుండగా, 'పేరు తెలియని సిపాయి' అన్న అక్షరాల కింద 'రాజమ్మ' అని వేలెడు లోతున చెక్కాడు. వంకరటింకరగానే వచ్చింది.

పై నెల తనిఖీకి వచ్చిన పిచ్చేశ్వరరావు అది చూసి గెంతులేశాడు. "నీకేవన్నా మతిపోయిందా? చెరిపెయ్యి ముందు!"

"సైనికుడి సమాధండి. నా అంతట నేను ముట్టుకోకూడదు" అన్నాడు విల్సన్ చేతులు కట్టుకుని. "రాజమ్మ అనే ఆవిడ పేరు ఫలానా కారణం చేత చెరపమని రాసివ్వండి. వెంటనే చెరిపేస్తాను."

"రాసివ్వాలా?"

"అవునండి. కింద సంతకం పెట్టి."

పిచ్చేశ్వరరావు జేబులోని పెన్ను మీద చెయ్యి వేశాడు. కారణం ఏమని రాయాలో ఆలోచించాడు. రాయి వైపు చూశాడు, కొత్త గోడ వైపు చూశాడు, చెయ్యి జేబులోంచి తీసేశాడు. జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగేదాకా విల్సన్ చేతులు కట్టుకునే నిలబడ్డాడు. తర్వాత గోడ లోపలికి వచ్చి తల్లి పక్కన కూచున్నాడు. "అమ్మా, రాసివ్వడులే" అన్నాడు.